మెదడులో రొద: ఆదివారం వ్యాసంపై ఒక అభ్యంతరం

సంపాదకులకు,

మహాశయా,

మీ పత్రిక ఆదివారం అనుబంధంలో పిల్లల ఏకాగ్రతను గురించి ఇటీవల వెలువడిన వ్యాసాన్ని బరంపురంలో మా వీధిలోని చాలా ఇళ్లలో శ్రద్ధగా చదివారు. దాన్ని కత్తిరించి పిల్లలు చదువుకునే బల్ల ఎదుట అంటించినవారూ ఉన్నారు. వ్యాసం చెప్పింది క్లుప్తంగా ఇది: ఆరోగ్యంగా ఉన్న మెదడు కంప్యూటరులాగా ఒకే ప్రశ్నకు ప్రతిసారీ ఒకే జవాబును ఒకే వేగంతో ఇస్తుంది, అలా ఇవ్వలేదంటే లోపల ‘అనవసరమైన రొద’ పేరుకుపోయిందని అర్థం, తగిన శిక్షణతో ఆ రొదను పూర్తిగా తుడిచివేయవచ్చు. శ్రద్ధ, నిద్ర, సాధన వల్ల హెచ్చుతగ్గులు తగ్గుతాయనీ, కృత్రిమ మేధ యంత్రాలు మెచ్చదగినవనీ కూడా అందులో ఉంది. వ్యాసానికి ఆనుకునే అటువంటి శిక్షణ ఇచ్చే సంస్థ ప్రకటన ఒకటి అచ్చయింది. ఆ సంస్థతో నాకు తగవు లేదు, దాని పేరూ ఇక్కడ అవసరం లేదు. శాస్త్రమని చెప్పి అచ్చువేసిన మాట శాస్త్రం కాదన్నదే నా అభ్యంతరం.

ఆంధ్ర సరిహద్దుకు ఇవతల, ఒడిశాలో ఉన్న మాకు ఇది చిన్న విషయం కాదు. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు కుటుంబాల పిల్లల్లో ఎక్కువమంది బడిలో సైన్సును ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుకుంటారు. ఇంట్లో తాతా మనవడూ కలిసి కూర్చుని తెలుగులో సైన్సు చదివే చోటు ఏదైనా మిగిలి ఉంటే అది మీ ఆదివారం పుటే. అందులో వచ్చిన మాటను సరిచూసుకోవడానికి పెద్దల చేతికి మరో తెలుగు పుస్తకం అంత సులువుగా అందదు. నిన్న గడగడ అప్పజెప్పిన ఎక్కాన్ని ఇవాళ తడబడుతూ చెప్పిన పిల్లవాడి బుర్రలో ఏదో రోగం ఉందని ఇంట్లోవాళ్లు ఒకసారి నమ్మితే, ఆ నమ్మకాన్ని వదిలించడం నాబోటి విశ్రాంత అధ్యాపకుల వల్ల అయ్యే పని కాదు. అందుకే కాస్త దీర్ఘంగా రాస్తున్నాను. స్థలాభావం వల్ల కుదించవలసి వస్తే ఈ పేరాను తీసివేసి, కింద ఉన్న విషయాన్ని మాత్రం ఉంచవలసిందిగా మనవి.

మెదడులో రొద, అంటే ముందుగా చెప్పలేని చిన్న చిన్న హెచ్చుతగ్గులు, ఉన్న మాట నిజం. అది బయటి నుంచి చేరిన మురికి అన్నది మాత్రం నిజం కాదు. నాడీకణం పొరలో అయాన్ చానళ్లనే సూక్ష్మమైన ప్రొటీన్ ద్వారాలు ఉంటాయి. అవి తెరుచుకోవడం, మూసుకోవడం వల్లనే నాడీ ప్రచోదనం, అంటే నాడి వెంట సాగే విద్యుత్ సంకేతం, పుడుతుంది. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు 1952లో స్క్విడ్ అనే సముద్రజీవి నాడీతంతువు మీద పనిచేసి ఈ ప్రచోదనానికి రాసిన సమీకరణాలు నున్నగా, తడబాటు లేకుండా ఉంటాయి. ఎందుకంటే అవి వేల వేల ద్వారాల ఉమ్మడి ప్రవర్తనను చెబుతాయి. 1976లో నెహెర్, సాక్‌మన్ ఒకే ఒక్క ద్వారం గుండా పారే విద్యుత్తును కొలవగలిగారు. అప్పుడు కనిపించింది వేరు: ద్వారం ఉన్నట్టుండి తెరుచుకుంటుంది, ఉన్నట్టుండి మూసుకుంటుంది, ఎంతసేపు తెరిచి ఉంటుందో ఏ ఒక్కసారికీ ముందుగా చెప్పలేము. 37 డిగ్రీల వేడిలో ఉన్న శరీరంలో అణువులు క్షణం తీరిక లేకుండా ఒకదాన్నొకటి కుదుపుతూ ఉంటాయి. ఆ కుదుపులకు లోబడే ప్రొటీన్ తన ఆకృతిని మార్చుకుంటుంది. చెప్పగలిగేది సంభావ్యతను మాత్రమే. ఈ పనికి వారిద్దరికీ 1991లో నోబెల్ బహుమతి వచ్చింది. వేడి ఉన్నంతవరకు ఈ రొద ఉంటుంది. దాన్ని ‘పూర్తిగా తుడిచివేసే’ శిక్షణ ఏదైనా ఉందంటే అది మెదడుకు కాదు, వేడి నియమాలను చెప్పే థర్మోడైనమిక్స్‌కు ఇవ్వవలసిన శిక్షణ.

ఇంతకంటే ముచ్చటైన కథ బెర్నార్డ్ కాట్జ్‌ది. జర్మనీలోని లైప్‌జిగ్‌లో పుట్టి, వైద్యం చదివి, నాజీల ఏలుబడిలో నిలవలేక 1935లో లండన్ చేరిన ఈయన, యుద్ధానంతరం పాల్ ఫాట్‌తో కలిసి కప్ప కండరానికీ నాడికీ మధ్య ఉండే సంధిని పరిశీలిస్తున్నాడు. నాడిని ఎవరూ ప్రేరేపించని సమయంలో కూడా వారి పరికరంలో చిన్న చిన్న విద్యుత్ కుదుపులు కనిపించాయి. ఒక్కొక్కటి సుమారు అర మిల్లీవోల్టు ఉండేది. ఒక వరుస లేకుండా, ఒక కాలనియమం లేకుండా, సగటున సెకనుకు ఒకటి చొప్పున వచ్చేవి. ఎలక్ట్రోడు లోపమని పక్కన పెట్టేయడానికి ఇంతకంటే అనువైన దృశ్యం మరొకటి ఉండదు. వారు పక్కన పెట్టలేదు. ఎసిటైల్‌కొలీన్ అనే రసాయనం పనిని అడ్డుకునే కురారే విషాన్ని వేస్తే ఆ కుదుపులు అణగిపోయాయి కాబట్టి, వాటికి కారణం పరికరం కాదనీ, నాడి చివర నుంచి దానంతట అది ఊడిపడుతున్న ఆ రసాయనమేననీ తేలింది. 1950లో వారు నేచర్ అనే సైన్సు పత్రికలో ప్రకటించిన చిన్న వ్యాసం శీర్షికలోనే ‘జైవిక రొద’ అన్న మాట ఉంది. 1954లో డెల్ కాస్టియోతో కలిసి కాట్జ్ మరో అడుగు వేశాడు. ద్రవంలో కాల్షియంను తగ్గించి మెగ్నీషియంను పెంచితే నాడి బలహీనంగా పలుకుతుంది. అప్పుడు వచ్చే ప్రతిస్పందన ఆ చిన్న కుదుపుకు ఒకింతలు, రెండింతలు, మూడింతలు అన్నట్టుగా, రసాయనం పొట్లాల లెక్కన విడుదలైనట్టు ఉంటుంది, ఒక్కోసారి ఏమీ ఉండదు. ఎన్నిసార్లు ఏమీ ఉండదో ముందే లెక్కకట్టవచ్చు: ప్రచోదనానికి సగటున ఒక పొట్లం విడుదలయ్యే పక్షంలో, యాదృచ్ఛిక ఘటనలను లెక్కకట్టే పాసాన్ సూత్రం ప్రకారం నూటికి సుమారు 37 సార్లు ఒక్క పొట్లమైనా విడుదల కాదు. లెక్కా కొలతా కలిశాయి. నాడీకణాలు తమలో తాము మాట్లాడుకునేది పొట్లాల భాషలోననీ, ఏ ప్రచోదనానికి ఎన్ని పొట్లాలు విడుదలవుతాయన్నది యాదృచ్ఛికమనీ అలా తెలిసింది. కాట్జ్ 1970 నోబెల్ బహుమతిని పంచుకున్నవారిలో ఒకడు. రొదను చెరిపివేసి ఉంటే ఈ విషయం తెలిసేదే కాదు.

కప్ప కండరంలో మామూలుగా ప్రతి ప్రచోదనానికీ పొట్లాలు వందల్లో విడుదలవుతాయి కాబట్టి కండరం కదలక మానదు. మన మెదడు వల్కలంలోని, అంటే పైపొరలోని, నాడీసంధుల్లో చాలావాటికి ఆ ధీమా లేదు. ప్రచోదనం వచ్చినా, ఒక్క పొట్లం కూడా విడవకుండా ఊరుకోవడం వాటికి అరుదైన విషయం కాదు, నిత్యకృత్యం. సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్న మెదడు ఇటువంటి సంధుల మీదనే నడుస్తోంది, దానితోనే మనం ఎక్కాలు నేర్చుకుంటున్నాము.

‘ఒకే ప్రశ్నకు ఒకే జవాబు’ అన్న మాటకు నేరుగా సమాధానం చెప్పే ప్రయోగం ఒకటి ఉంది. 1942లో కొలంబియా విశ్వవిద్యాలయంలో హెక్ట్, ష్లేర్, పిరెన్ అనే ముగ్గురు, చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడిన మనిషికి అతి మందమైన మెరుపును చూపించి, కనిపించిందా లేదా అని అడిగారు. మెరుపు తీవ్రత మార్చకుండా మళ్లీ మళ్లీ అడిగినా ఆ మనిషి ఒకసారి కనిపించిందన్నాడు, మరోసారి లేదన్నాడు. మీ వ్యాసకర్త చూస్తే ఏకాగ్రత లోపమనే అంటారు. ఆ ముగ్గురూ మాత్రం ఆ అవునులను, కాదులను లెక్కపెట్టారు. మెరుపు తీవ్రత పెరిగే కొద్దీ అవునులు ఎలా పెరుగుతున్నాయో చూసి, కంటి ముందుకు చేరే 50 నుంచి 150 దాకా కాంతి కణాల్లో నేత్రపటలంలో మసక వెలుతురులో చూపునిచ్చే దండకణాలు పీల్చుకునేవి 5 నుంచి 14 మాత్రమేనని తేల్చారు. అవి సుమారు 500 దండకణాల మధ్య చెదిరి పడతాయి కాబట్టి, ఒక్కో దండకణం ఒకే ఒక్క ఫోటాన్‌కు, అంటే కాంతి కణానికి, స్పందించగలదని అనుమానించక తప్పలేదు. 1979లో బేలర్, లాంబ్, యౌ గోదురుకప్ప దండకణంలో ఆ ఏకైక ఫోటాన్ స్పందనను నేరుగా కొలిచి చూపించారు. అంటే ఆ మనిషి జవాబు మారడానికి పెద్ద కారణం అతని మనసు కాదు, కాంతే. ఒకే తీవ్రత గల మెరుపు నుంచి కంటిలో ఇంకే ఫోటాన్‌ల సంఖ్య ప్రతిసారీ ఒకటి కాదు.

దీనికి తోడు చీకట్లో కూడా ఊరుకోని అణువులు ఉన్నాయి. ఒక్కో దండకణంలో కోట్ల సంఖ్యలో ఉండే, కాంతిని పీల్చే రొడాప్సిన్ అణువుల్లో ఏదో ఒకటి, కాంతి ఏదీ తగలకుండానే, కేవలం వేడి కుదుపు వల్ల అప్పుడప్పుడు మారిపోతుంది. కోతి దండకణంలో ఇది సుమారు 160 సెకన్లకు ఒకసారి జరుగుతుందని కొలిచారు. మెదడుకు ఆ సంకేతానికీ నిజమైన ఫోటాన్ సంకేతానికీ తేడా తెలియదు. శరీరం చల్లగా ఉండే కప్పలకు ఈ బెడద తక్కువ కాబట్టి మనకంటే మసక వెలుతురులో అవి చూడగలవని 1988లో నేచర్‌లో వచ్చిన ఒక పరిశోధన చూపింది. రొద మన చూపునకు హద్దు గీస్తుందనడానికి ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం నాకు తెలియదు. రొద అంతా మేలే చేస్తుందని నేను వాదించడం లేదని ఇందువల్ల గ్రహించగలరు.

అలాగే మెదడులో కనిపించే హెచ్చుతగ్గులన్నీ రొద కాదు. 1995లో మెయినెన్, సెజ్నౌస్కీ ఎలుక మెదడు వల్కలంలోని నాడీకణానికి మార్పు లేని విద్యుత్తును పదే పదే ఇచ్చి చూశారు. మొదటి ప్రచోదనాలు ప్రతిసారీ దాదాపు ఒకే క్షణంలో పుట్టాయి, పోనుపోను అవి పుట్టే క్షణాలకు ఒకసారికీ మరోసారికీ పొంతన లేకుండా పోయింది. అదే కణానికి ఎగుడుదిగుడుగా మారే విద్యుత్తును ఇచ్చి, మళ్లీ మళ్లీ అదే ఎగుడుదిగుడును వినిపిస్తే, ప్రచోదనాలు మిల్లీసెకను తేడా కూడా లేనంత కచ్చితంగా అవే క్షణాల్లో పుట్టాయి. కణానికి కచ్చితత్వం చేతనవును. అయితే అది నిశ్చలమైన సంకేతానికి కాక, మారుతూ ఉండే సంకేతానికి బాగా పలుకుతుంది. 1996లో అరియెలీ, ఆయన సహచరులు పిల్లి మెదడులో చూసింది మరొక సంగతి: ఒకే దృశ్యానికి మెదడు ఒక్కోసారి ఒక్కో విధంగా స్పందించడానికి పెద్ద కారణం, ఆ దృశ్యం కంటపడే క్షణానికి మెదడులో అప్పటికే ఏమి నడుస్తోందన్నది. బయటినుంచి కొలిచేవారికి రొదగా కనిపించేది మెదడుకు తన సొంత పని కావచ్చు. పిల్లవాడు ఇవాళ తడబడ్డాడంటే, నిజమైన రొద ఎంతో, అతను మరేదో తలపోస్తున్నది ఎంతో విడదీసి చెప్పగలిగినవారు ఏ శిక్షణ సంస్థలోనూ ఉండరు.

ఇక మెదడు ఈ రొదను భరించే తీరు. ఒక కణం చెప్పింది నమ్మలేకపోతే పదిమందిని అడగడమే ఉపాయం. సగటు తీస్తే రొద తగ్గుతుంది. కానీ తగ్గేది కణాల సంఖ్య వర్గమూలం లెక్కన. రొదను సగానికి తగ్గించాలంటే నాలుగింతల కణాలు కావాలి, పదోవంతుకు తగ్గించాలంటే వందింతలు కావాలి. పైగా పక్కపక్కనున్న కణాల పొరపాట్లు కొంతవరకు ఒకే దిక్కుగా మొగ్గుతాయి కాబట్టి, సుమారు వంద కణాలు దాటిన తర్వాత ఎన్నింటిని కలిపినా ఒరిగేది తక్కువని 1994లో జొహారీ, షాడ్లెన్, న్యూసమ్ కోతుల మెదడులో చూపారు. ఖర్చు సంగతీ ఉంది. శరీర బరువులో నూటికి 2 వంతులున్న మెదడు, శరీరం విశ్రాంతిగా ఉన్నప్పుడు వాడే శక్తిలో నూటికి 20 వంతులు తినేస్తుంది. రొద లేని మెదడును కట్టాలంటే తంతువులు లావెక్కాలి, ద్వారాలు పెరగాలి, తిండి పెరగాలి. మరీ సన్నగా చేద్దామన్నా కుదరదు: మిల్లీమీటరులో పదివేలవ వంతు కంటే సన్నని తంతువులో ఒక్క ద్వారం పొరపాటున తెరుచుకున్నా లేని ప్రచోదనం పుట్టుకొస్తుందని 2005లో ఫైసల్, వైట్, లాఫ్లిన్ లెక్కకట్టారు, జంతువుల మెదళ్లలోని అతి సన్నని తంతువులు సరిగ్గా ఆ హద్దు దగ్గరే ఆగి ఉంటాయి. మెదడు రొదను వదిలించుకోలేక చేతులెత్తేసిందనుకోవడం పొరపాటు. ఎంత రొదను భరిస్తే ఎంత తిండి మిగులుతుందో పరిణామం బేరమాడి కుదుర్చుకున్న ధర అది.

వ్యాసంలో అసలు చోటే దక్కని విషయం మరొకటి ఉంది: తగుమాత్రపు రొద కొన్ని చోట్ల సంకేతాన్ని పెంచుతుంది. స్టొకాస్టిక్ రెజొనెన్స్ అని పిలిచే ఈ భావనను 1981 ప్రాంతంలో ఇటలీకి చెందిన బెంజీ, ఆయన సహచరులు హిమయుగాల రాకపోకలను వివరించడానికి ప్రతిపాదించారు. జీవశాస్త్రానికి అది తర్వాత వచ్చింది. మా గంజాంవాళ్లకు దీన్ని చెప్పడానికి ఋషికుల్యా మొగ చాలు. నదీముఖంలో ఇసుక మేట ఉందనుకుందాం. సముద్రం నిశ్చలంగా ఉంటే పోటు నీరు కూడా ఆ మేటను దాటేంత ఎత్తుకు రాదు, కాబట్టి మేటకు ఇవతల నిలబడ్డవాడికి పోటూ ఆటూ రెండూ ఒకటే. కెరటాలు ఒక మాదిరిగా ఉన్నాయనుకుందాం. అప్పుడు పోటు వేళ కొన్ని కెరటాలు మేటను దాటి వస్తాయి, ఆటు వేళ దాదాపు ఏదీ దాటదు. దాటిన కెరటాలను లెక్కపెడితే కనిపించని పోటు తెలుస్తుంది. తుపానులో ప్రతి కెరటమూ దాటుతుంది కాబట్టి మళ్లీ ఏమీ తెలియదు. నాడీకణానికి కూడా మేటవంటి గడప ఒకటి ఉంది. గడప దాటని బలహీన సంకేతం, తగుమాత్రపు రొద తోడైతే దాటుతుంది.

ఇది కాగితం మీది లెక్కగా మిగిలిపోలేదు. 1993లో డగ్లస్, మాస్, వారి సహచరులు క్రేఫిష్ అనే మంచినీటి రొయ్యజాతి జీవి తోకమీద నీటి కదలికను పసిగట్టే రోమాల నాడుల్లో దీన్ని చూపారు. అంతకంటే నచ్చేది 1999 నాటి ప్రయోగం. అమెరికాలోని మిసిసిపీ ప్రాంతపు నదుల్లో పాడిల్‌ఫిష్ అనే చేప ఉంది. తెడ్డులా పొడవుగా సాగిన దాని ముట్టెమీద విద్యుత్తును గ్రహించే కణాలు వేలల్లో ఉంటాయి. డాఫ్నియా అనే చిన్న నీటి పురుగు వెలువరించే అతి స్వల్ప విద్యుత్తును బట్టి ఆ చేప దాన్ని పట్టుకు తింటుంది. రస్సెల్, విల్కెన్స్, మాస్ నీటిలోకి తగుమాత్రం విద్యుత్ రొదను పంపితే చేప మరింత దూరాన ఉన్న పురుగులను కూడా పట్టింది. రొదను ఇంకా పెంచితే ఆ మేలు పోయింది. 2003లో కాలిన్స్ బృందం బోస్టన్‌లో వృద్ధుల పాదాల కింద, తమకు తెలియనంత మెల్లగా, ఒక వరుస లేకుండా అదిరే అట్టలు అమర్చింది. నిలబడినప్పుడు వారి ఊగిసలాట తగ్గింది. మనిషి మెదడు రోజువారీ పనుల్లో ఈ కిటుకును ఎంతవరకు వాడుకుంటుందన్న చర్చ ఇంకా సాగుతోంది కాబట్టి అంతకుమించి చెప్పను.

పిల్లల చదువుకు ఇంకా దగ్గరగా వచ్చేవి పక్షులు. ఆస్ట్రేలియాకు చెందిన జీబ్రా ఫించ్ జాతిలో మగపిల్ల తండ్రి పాటను విని, మొదట గజిబిజిగా కూస్తూ, సుమారు మూడు నెలలకు ఆ పాటను పట్టుకుంటుంది. దాని మెదడులో ఎల్‌మాన్ అని పిలిచే ఒక భాగం ఉంది. పిల్లపక్షిలో దాన్ని శాశ్వతంగా తొలగిస్తే పాట గజిబిజి పోయి స్థిరపడుతుంది. స్థిరపడేది మాత్రం అరకొర పాట. ఆ తర్వాత పక్షి ఇక నేర్చుకోదు. పాట వచ్చేసిన పెద్ద పక్షిలో అదే భాగాన్ని తొలగిస్తే పాట దాదాపు అలాగే ఉంటుంది. 2005లో ఎమ్ఐటీలో ఓల్వెట్స్కీ, అండల్మన్, ఫీ పిల్లపక్షిలో ఆ భాగాన్ని మందుతో కాసేపు మాత్రమే నిద్రపుచ్చారు. చూస్తుండగానే కూతలో వైవిధ్యం తగ్గి అంతా ఒకే మూసలోకి వచ్చింది. మందు దిగగానే గజిబిజి తిరిగి వచ్చింది. అంటే తడబాటును పుట్టించడానికి మెదడులో ప్రత్యేకంగా ఒక యంత్రాంగమే ఉంది. రకరకాలుగా కూసి చూసినప్పుడే ఏది తండ్రి పాటకు దగ్గరగా ఉందో తెలుస్తుంది, ఏది వదలాలో తెలుస్తుంది.

ఇందులో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, పెద్దైన తర్వాత కూడా ఆ మగపక్షి ఒంటరిగా ఉన్నప్పుడు కాస్త అటూ ఇటూగా పాడి, ఆడపక్షి ఎదుట మాత్రం కచ్చితంగా పాడటం. సాధన వేళ రొదను రానిచ్చి, సభలో తగ్గించుకుంటుంది. ఈ హెచ్చుతగ్గుల్లోనూ ఎల్‌మాన్‌దే ప్రధాన పాత్ర. 2007లో ట్యూమర్, బ్రైనార్డ్ బెంగాలీ ఫించ్ అనే పెంపుడు పక్షితో చేసిన ప్రయోగం మరింత సూటిగా ఉంటుంది. ఈ పక్షి మన దేశంలోనూ తిరిగే తెల్లనడుము మునియాకు పెంపుడు సంతతి. పాటలోని ఒక స్వరం స్థాయి కాస్త తక్కువగా పలికిన ప్రతిసారీ చిరాకు పుట్టించే మోతను వినిపిస్తే, కొన్ని గంటల్లోనే పక్షి ఆ స్వరాన్ని పైకి జరుపుకుంది. పాట ప్రతిసారీ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండి ఉంటే ఏ కూతకు మోత తప్పుతుందో దానికి తెలిసే దారే లేదు.

మనుషుల్లోనూ చేతి కదలికల్లో సహజంగా ఎక్కువ వైవిధ్యం ఉన్నవారు కొత్త కదలికను త్వరగా నేర్చుకున్నారని 2014లో ఒక పరిశోధన తెలిపింది. తర్వాత వచ్చినవన్నీ దాన్ని సమర్థించలేదు కాబట్టి దానిమీద ఎక్కువ బరువు మోపను. మెదడు అమరికలో కూడా యాదృచ్ఛికతకు పాలుంది: ఒకే జన్యువులతో, ఒకే వాతావరణంలో పెంచిన పండు ఈగల్లో కూడా, చూపునకు సంబంధించిన కొన్ని నాడీతంతువులు కుడి ఎడమలకు అల్లుకునే తీరు ఈగకూ ఈగకూ వేరుగా ఉంటుందనీ, ఈగ ఒక గీత వైపు ఎంత సూటిగా నడుస్తుందన్నది ఆ అల్లికను బట్టి ఉంటుందనీ 2020లో సైన్స్ పత్రికలో వచ్చిన పని చూపింది. కవలపిల్లలిద్దరినీ ఒకే మూసలో పోయాలనుకునే తల్లిదండ్రులకు ఈ ఈగల సంగతి చెబుతూ ఉంటాను.

కంప్యూటరుతో పోలిక గురించి కూడా ఒక మాట. వ్యాసకర్త మెచ్చుకున్న కృత్రిమ మేధ యంత్రాలను తయారుచేసేవారే వాటిలోకి కావాలని యాదృచ్ఛికతను ప్రవేశపెడతారు. 1985లో హింటన్, సెజ్నౌస్కీ, ఆక్లీ ప్రకటించిన బోల్ట్‌జ్‌మన్ యంత్రం అనే నమూనాలో నాడీకణాన్ని పోలిన ఒక్కో కృత్రిమ కణం పాచిక వేసినట్టుగానే వెలుగుతుంది, ఆరుతుంది. ఇప్పటి యంత్రాలకు శిక్షణ ఇచ్చేటప్పుడు కొన్ని కణాలను ఎప్పటికప్పుడు యాదృచ్ఛికంగా మూయించడం అనే పద్ధతి కూడా వాడుకలో ఉంది. అలా చేయకపోతే యంత్రం పాఠాన్ని బట్టీపట్టి, కొత్త లెక్క ఎదురైతే తెల్లమొహం వేస్తుంది. ఇక రొద ఉంది కాబట్టి మనిషికి స్వేచ్ఛాసంకల్పం ఉందనీ, క్వాంటం రహస్యమేదో ఉందనీ ఇటీవల సభల్లో వినిపిస్తున్న మాటలకు నేను పైన చెప్పిన వాటిలో దేనిలోనూ ఆధారం లేదు. పాచిక పడిన తీరును ఎవరూ సంకల్పమనరు.

కాబట్టి సంపాదకులకు నా మనవి. ఆ వ్యాసంలోని రెండు వాక్యాలను సవరిస్తూ ఒక చిన్న వివరణ అచ్చువేయండి: ఆరోగ్యవంతమైన మెదడు ప్రతిసారీ ఒకే విధంగా స్పందిస్తుందన్నది నిజం కాదనీ, మెదడులోని రొదను పూర్తిగా తొలగించే శిక్షణ ఏదీ లేదనీ. శ్రద్ధ వల్ల, నిద్ర వల్ల, సాధన వల్ల హెచ్చుతగ్గులు తగ్గుతాయన్న మాటను అలాగే ఉంచవచ్చు, అది సరైనదే. పిల్లల చదువుకు నిజంగా అడ్డుపడే ఇబ్బందులు కొందరికి ఉంటాయి. అటువంటివారు చూడవలసింది వైద్యుణ్ణి అని కూడా చేర్చండి. ప్రకటనకూ సైన్సు వ్యాసానికీ మధ్య కనీసం ఒక పుట దూరం ఉంచడం మీ చేతిలోని పని.

వివరణతో పాటు అచ్చువేయడానికి వీలుగా, ఖర్చులేని ఒక ప్రయోగాన్ని కూడా పంపుతున్నాను. ఇచ్ఛాపురంలో గానీ, ఛత్రపురం, పర్లాకిమిడిలో గానీ, ఏ బడిలోనైనా చేయవచ్చు. 30 సెంటీమీటర్ల స్కేలును ఒకరు నిలువుగా పట్టుకుని చెప్పకుండా వదలాలి. దాని సున్నా గుర్తు దగ్గర వేళ్లు ఉంచిన మరొకరు దాన్ని పట్టుకోవాలి. 15 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే ప్రతిస్పందన కాలం సుమారు 0.175 సెకను, 20 దగ్గరైతే సుమారు 0.2 సెకను. ప్రతి విద్యార్థీ ఇరవై సార్లు చేసి, వచ్చిన అంకెలను సగటు తీయకుండా, అన్నీ విడివిడిగా గళ్ల కాగితం మీద చుక్కలుగా గుర్తించాలి. తరగతిలో అందరికంటే చురుకైన పిల్ల చుక్కలు కూడా ఒక గీత మీద పడవు. ఉపాధ్యాయుడి చుక్కలను కూడా పక్కనే గుర్తించాలని నా ప్రత్యేక మనవి. ఆ కాగితాలను పత్రికకు పంపించమని బడులను కోరి, వచ్చినవాటిలో కొన్నింటిని ఆదివారం పుటలో ప్రచురించండి. స్కేలు తడిగా లేకుండా చూడాలనీ, కొలతలను సెంటీమీటర్లలోనే రాయాలనీ ఉపాధ్యాయులకు గుర్తుచేయాలి. సెకన్లలోకి మార్చే పట్టిక కావాలంటే తయారుచేసి పంపగలను.

భవదీయుడు,
విశ్రాంత అధ్యాపకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా